కణం వేసుకున్న మాసిక

పోయిన వారం పిచ్చుకని కణాలు పెంచే ఇంక్యుబేటర్ తలుపు దగ్గర నోరు తెరుచుకుని నిలబెట్టి మనదారిన మనం వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. పిచ్చుక అసలు పేరు కాదు. కొత్తగా కాపురానికొచ్చిన ఈ కోడలు లేచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుందని అత్తగారు పెట్టిన పేరు. ఆసుపత్రి వెనకే ఉన్న పరిశోధనశాలలో ఆమె ఉద్యోగం. మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. అసలు వాళ్ల పరిచయమే రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టులో అయింది. అత్తగారిది కుట్టుపని. వీధివైపు గదిలో ఒక మిషను, ఆవిడ కుడిచేయి, ఆ రెండూ కలిసి ఇన్నేళ్లూ ఆ ఇంటిని నడిపాయి. కోడలికి తెల్లకోటు కుడుతూ, పైకి కనపడని లోపలి జేబు ఒకటి పెడుతుండగా సూది ఆవిడ బొటనవేల్లోకి దిగింది. దర్జీలు అలాంటప్పుడు ఏం చేస్తారో ఆవిడా అదే చేసింది. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, గుడ్డపీలిక చుట్టి, జేబు పూర్తిచేసింది. అప్పటికి ఆవిడకి గొంతునొప్పిగా ఉంది. గొంతులో ఉన్న బాక్టీరియా వేల్లోకి దారి చూసుకుంది. చెయ్యి మణికట్టు దాటి వాచింది. సర్జన్ గారు కోసి కడిగారు, మందులు ఎక్కించారు. ఇప్పుడు గాయంలో గానీ రక్తంలో గానీ బతికున్న బాక్టీరియా ఒక్కటీ దొరకడం లేదు. అయినా చర్మం నల్లబడుతూనే ఉంది. ఇవాళ మధ్యాహ్నం ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్తారు. పాడైన చర్మం తీసేస్తే సరిపోతుందా, మోచేతి కిందనుంచి చెయ్యే తీసేయాలా, అక్కడ తేలిపోతుంది.

ఇక పిచ్చుక దగ్గరికి వెళ్దాం.

ఆమె చేతిలో ఉన్నది అరచెయ్యంత ప్లాస్టిక్ పలక. పలక నిండా వరసగా చిన్నచిన్న గుంటలు. ఒక్కో గుంట అడుగున మనిషి చర్మకణాలు ఒకదాన్నొకటి ఆనుకుని, నేలమీద బండలు పరిచినట్టు పెరిగి ఉంటాయి. అత్తగారి గాయంలో మొదటిరోజు దొరికిన బాక్టీరియాని విడిగా పెంచి, ఆ ద్రవాన్ని బాక్టీరియా కూడా దూరలేనంత సన్నటి పొరగుండా వడగట్టి, ఆ వడగట్టిన తేట మాత్రమే నిన్న సాయంత్రం గుంటల్లో వేసింది. అందులో ప్రాణమున్నది ఏదీ లేదు. చూస్తే మంచినీళ్లలా ఉంటుంది.

సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఎడమవైపు గుంటలన్నీ శ్మశానంలా ఉన్నాయి. బండలు లేచిపోయాయి, కణాలు పగిలి పీలికలై తేలుతున్నాయి. కుడివైపు గుంటల్లో మాత్రం, అదే తేట, అదే మోతాదు, కణాలు ఏమీ ఎరగనట్టు పక్కపక్కనే ఒద్దికగా కూర్చుని ఉన్నాయి.

"ఏం పెళ్లికూతురా, గుంటల్లో మీ ఆయన మొహం కనిపిస్తోందా? అంత తీరిగ్గా చూస్తున్నావ్?"

మేడమ్ వచ్చింది. ఈ పరిశోధనశాలకి పెద్దదిక్కు. ముక్కుమీదకి జారే కళ్లద్దాలూ, ఎప్పుడూ ముక్కుమీదే ఉండే కోపమూ ఆవిడ సొత్తు. పిచ్చుక పక్కకి జరిగింది. మేడమ్ ఒక కన్ను మూసి, ఎడమవైపు చూసి, కుడివైపు చూసి, మళ్లీ ఎడమవైపుకొచ్చింది.

"సగం గుంటల్లో విషం వెయ్యడం మర్చిపోయావు. ఇంటికెళ్లి కాస్త కునుకుతీసి రా."

"అన్నిట్లోనూ వేశాను మేడమ్."

"అయితే ఆ విషానికి కుడివైపంటే మొహమాటమా?"

"నాకు తెలీదు. కానీ వేశాను. ఇందులో ఒక్క గుంట కూడా వదల్లేదు." పిచ్చుక గుంటలు వరసగా వేలితో చూపించింది. "అత్తయ్య చెయ్యి మేడమ్ అది. మర్చిపోతానా?"

మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుంది. ఆ మాటకి మెత్తబడిందో లేదో మొహం చూసి చెప్పడం కష్టం. "సరే. మొదట్నించీ చెప్పు. చేతులతో చేసి చూపిస్తూ చెప్పు."

పిచ్చుక గాల్లోనే అంతా చేసి చూపించింది. ఇక్కడ పలక పెట్టాను. పాత ద్రవం ఇలా పీల్చేశాను. ఉప్పునీళ్లతో ఇలా కడిగి, అవే నీళ్లు నింపాను. సగంలో సీసా అయిపోతే అరలోంచి ఇంకోటి తీశాను, ఇదిగో ఇలా...

"ఆగు. ఏ సీసా?"

"రెండూ ఒకే రకం మేడమ్. దారం చూసే తీశాను."

ఇక్కడ దారం సంగతి చెప్పాలి. ఆ పరిశోధనశాలలో ఉప్పునీళ్లు రెండు రకాలు. ఒకదాంట్లో కాల్షియం ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. సీసాలని ఆవిరిపట్టే పెద్ద యంత్రం ఒకటుంది, ఇంట్లో ప్రెషర్ కుక్కరుకి పెదనాన్న లాంటిది. అందులోంచి బయటికొచ్చేసరికి కాగితం చీటీలు ఊడిపోతాయి, సిరా రాతలు కారిపోతాయి. అందుకని సీసా మెడకి దారం కట్టడం అక్కడి అలవాటు. కాల్షియం ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. పోయిన నెలలో గట్టిదారం ఉండలు అయిపోయాయి. "నేను తెస్తానుగా, మా అత్తగారి దగ్గర దారాల కొట్టే ఉంది" అని పిచ్చుక ఎగిరి గంతేసి చెప్పింది. అత్తగారి డబ్బాలో చేతికందిన రెండు ఉండలు తెచ్చి, మురిసిపోతూ సీసాలకి ముడులేసింది.

మేడమ్ అర దగ్గరికెళ్లి నిన్న వాడిన రెండు సీసాలు కిందికి దించింది. రెండిటి మెడలోనూ దారాలున్నాయి. ఆవిరిలో ఉడికి, రంగంతా వదిలేసి, రెండూ ఉల్లిపొర రంగులో వేలాడుతున్నాయి.

పిచ్చుక చెవులు వేడెక్కాయి. పెళ్లయిన కొత్తలో మొదటిసారి ఇంట్లో పాలు పొంగబెట్టి పొయ్యి ఆర్పేసినప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు.

మేడమ్ తిట్టలేదు. అందుకే ఇంకా భయం వేసింది. ఆవిడ ఒక సీసా అడుగున మిగిలిన చుక్కలూ, రెండోదాంట్లోంచి కాసిని నీళ్లూ గాజుగొట్టాల్లో పోసి, రెండిట్లోనూ చాకలిసోడా కలిపిన నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసింది. ఒకటి అలాగే ఉండిపోయింది. రెండోదాంట్లో పల్చగా మసక తేలింది, పొగమంచులా.

"ఇది కాల్షియం ఉన్నది," అంది మేడమ్. "నిన్న నువ్వు ఎడమ సగం కడిగింది కాల్షియం లేని నీళ్లతో. కుడి సగం ఇదిగో దీంతో." తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గొట్టాన్ని వెలుతురుకెత్తి పట్టుకుంది. "విషం ఒక్కటే. కణాలు ఒక్కటే. తేడా ఇది."

"అంటే కాల్షియం విషాన్ని విరిచేసిందా మేడమ్?"

"కాదమ్మాయ్. విషం దాని పని అది చేసింది. కణం తన పని తాను చేసుకుంది." అని లేచి నిలబడింది. "పుస్తకాల్లో ఉన్న సంగతే. నేనే పాఠం చెప్పాను ఎంతోమందికి. కానీ చూడు, ఇన్నేళ్లూ చచ్చిన కణాలనే లెక్కపెట్టాను. బతికినవి ఏం చేశాయో కూర్చుని ఒక్కసారీ చూడలేదు. కెమెరా సూక్ష్మదర్శిని ఖాళీగానే ఉందిగా? పద."

కణాలు పెరిగి సిద్ధంగా ఉన్న కొత్త గుంట పెట్టారు. ఈసారి మేడమ్ స్వయంగా చూసుకుని కాల్షియం ఉన్న నీళ్లు పోసింది. దాంతోపాటు ఒక రంగు కూడా కలిపింది. ఆ రంగు కణం బయట ఉన్నంతసేపూ కనిపించదు. కణానికి చిల్లు పడి లోపలికి చొరబడిందా, ఎర్రగా వెలుగుతుంది. గదిలో దీపాలు ఆర్పేశారు. తెరమీద కణాలు పెద్దవై, బూడిదరంగు మైదానంలా పరుచుకున్నాయి. పిచ్చుక సన్నటి గొట్టంతో తేట చుక్క వదిలింది.

కాసేపు ఏమీ జరగలేదు.

"ఇప్పుడు ఏం జరుగుతోందంటే," మేడమ్ గొంతు తగ్గించింది, పక్కన ఎవరో పసిపిల్ల నిద్రపోతున్నట్టు. "ఆ విషం ముక్కలు కణం పైపొరకి అతుక్కుంటున్నాయి. ఆ పొరలో కొవ్వుంటుంది, దాన్ని పట్టుకుంటాయి. ఒక్క ముక్క వల్ల ఏమీ కాదు. ఒకటి పక్కన ఇంకోటి చేరుతుంది. చేతులు పట్టుకుని పిల్లలు గుండ్రంగా నిలబడతారే, అలా. గుండ్రం పూర్తయిందా, అందరూ ఒక్కసారిగా కిందికి దిగుతారు."

"దిగితే?"

"చిల్లు."

ఆ మాట ఆవిడ నోట్లో ఉండగానే తెరమీద ఒక మూల ఎర్రటి చుక్క వెలిగింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత నాలుగువైపులా, చీకటిపడ్డాక ఊళ్లో దీపాలు పెట్టినట్టు, ఒక్కో కణం ఎర్రబారడం మొదలైంది. కణాల అంచులు ఉబ్బాయి. పిచ్చుక తెరవైపు వంగింది. అయిపోయింది, ఇవీ పగిలిపోతాయి, ఎడమవైపు గుంటల్లా...

పగల్లేదు.

ఎరుపు పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగింది. సరిగ్గా తెరమధ్యలో ఉన్న కణం పైపొర ఒకవైపు చిన్న బుడగలా ఉబ్బింది. ఆ బుడగ మెడ దగ్గర సన్నబడింది, ఇంకా సన్నబడింది, పుటుక్కున తెగి నీళ్లలోకి తేలిపోయింది. తెగినచోట పొర నున్నగా కలిసిపోయింది. ఎక్కడ తెగిందో వెతికినా కనపడదు. పక్క కణం కూడా అదే చేసింది. దాని పక్కది కూడా. మైదానమంతా, ఎవరూ చెప్పకుండా, ఎవరూ నేర్పకుండా, చిల్లుపడ్డ ముక్కని కత్తిరించి అవతల పారేసి, అంచులు దగ్గరికి లాక్కుని, లోపల దాచుకున్న కొత్త పొర తెచ్చి అతికించుకుంటున్నాయి.

"మాసికలు వేసుకుంటున్నాయి," అంది పిచ్చుక. "మేడమ్, మాసికలు!"

"ఊఁ."

"చిల్లు ఎక్కడ పడిందో దానికెలా తెలుస్తుంది? కళ్లున్నాయా, చేతులున్నాయా?"

"అదే కదా!" మేడమ్ కూడా ఇప్పుడు మేడమ్‌లా లేదు. కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "బయటి నీళ్లలో కాల్షియం ఎక్కువ. కణం లోపల దాదాపు ఉండదు. చిల్లు పడగానే అక్కడినుంచి కాల్షియం లోపలికి దూకుతుంది. అదే కేక. ఇక్కడ చిల్లు, ఇక్కడే, రండి రండి అని. ఆ కేక వినే లోపలివాళ్లు పరిగెత్తుకొస్తారు. నిన్న ఎడమవైపు గుంటల్లో ఏం జరిగిందంటే చిల్లు పడింది గానీ కేక పడలేదు. కణాలకి తెలిసేలోపే అయిపోయింది."

పిచ్చుక తెర దగ్గరికి జరిగింది. ముక్కు తగిలేంత దగ్గరికి. తన చేతి చర్మం కూడా ఇలాంటి కణాలే కదా అని తోచింది. గోరుచుట్టు వచ్చినప్పుడూ, మోకాలు గీసుకుపోయినప్పుడూ, తను ఏడ్చి, ఊదుకుని, అమ్మ చేత కట్టు కట్టించుకుని మర్చిపోయినప్పుడూ, ఆ చర్మం కింద ఇంత పెద్ద కుట్టుపని నడిచిందన్నమాట. అద్దంలో చూసుకుని ఎన్నిసార్లు మురిసిపోయిందో గానీ, ఈ మొహం ఇంతమంది దర్జీలు కూర్చుని కాపాడుతున్న మొహమని ఇవాళే తెలిసింది. ఆమెకి నవ్వొచ్చింది, కళ్లు చెమర్చాయి, రెండూ ఒకేసారి.

"అత్తయ్య చేతిలో కూడా... ఇప్పుడు..."

"ఈ క్షణాన. కోట్లలో."

"మరి నల్లబడుతోందెందుకు?"

మేడమ్ దీపం వేసింది. "మాసికకీ ఒక హద్దుంటుంది. వేసేదాని కన్నా చిరిగేది ఎక్కువైతే ఏ దర్జీ మాత్రం ఏం చేస్తాడు? మొదటి మందు బాక్టీరియాని చంపింది. కానీ అవి అప్పటికే వదిలిన విషం ఒంట్లోనే ఉందిగా. ఎక్కడైనా దాక్కున్నవి మిగిలుంటే రెండో మందు వాటి విషం తయారీనే ఆపుతుంది, అది నిన్ననే మొదలుపెట్టారు. ఇప్పుడు తెలియాల్సింది ఒక్కటే. అక్కడ విషం ఇంకా పని చేస్తోందా, ఆగిందా? ఆగితే ఈ నలుపు పాత దెబ్బే. బతికున్న కణాలు నిలబడతాయి. ఆగకపోతే చెయ్యి ఉంచడం ప్రమాదం."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరికి తోచిందో తెలీదు. మాట మాత్రం పిచ్చుక నోట్లోంచి ముందొచ్చింది.

"గాయంలో ఊరే నీరు తెచ్చి వీటిమీద వేస్తే?"

సర్జన్ గారు వార్డు బయట చేతులు తుడుచుకుంటూ అంతా విన్నారు. ఆయన ఎంత నెమ్మదిగా మాట్లాడతారంటే ఎదుటివాళ్లు వంగి వినాల్సొస్తుంది.

"చూడమ్మా, నీ పలక చెప్పిందని నేను కత్తి ఎత్తను, దించను. నా కళ్లూ నా వేళ్లూ చెప్పిందే వింటాను. కానీ విషం ఆగిందని తెలిస్తే కోసేటప్పుడు ఒక అంగుళం తక్కువ కోయడానికి ధైర్యమొస్తుంది. నిన్న గాయం కడిగిన నీరు ఫ్రిజ్‌లో ఉంది. ఇవాళ్టిది ఇందాకే తీశాను. థియేటర్ సిద్ధమయ్యేలోపు ఫోన్ చెయ్యి. ఆలస్యమైతే మాత్రం నీకోసం ఆగను. ఏమనుకోకు."

"అనుకోను సార్. పరిగెడతాను సార్."

"పరిగెత్తకు, ఒలికిపోతుంది."

నర్సు ఆ నీళ్లు సీసాల్లో పోసి తెచ్చేలోపు పిచ్చుక మంచం దగ్గరికెళ్లింది. అత్తగారి కుడిచెయ్యి మోచేతిదాకా కట్టులో, దిండుమీద, ఎవరో చుట్టాలు వదిలివెళ్లిన పసిబిడ్డలా పడుకుని ఉంది. పక్కన లిఫ్టు మెకానిక్, అంటే మన పిచ్చుక మొగుడు, అమ్మకి ఎడమచేత్తో ఖాళీ గ్లాసు పట్టుకోవడం నేర్పుతున్నాడు.

"మీరు కాస్త టీ తాగి రండి," అంది పిచ్చుక మొగుడితో, ఎంతో పద్ధతిగా.

అత్తగారు కళ్లు తెరవకుండానే అంది: "నా ముందు 'మీరు', గుమ్మం దాటితే 'నువ్వు'. మిషను చప్పుడులో నాకేం వినపడదనుకుంటారు ఇద్దరూ. మిషను ఆపినప్పుడు అన్నీ వినపడతాయే పిచ్చుకా."

మొగుడు చెవులదాకా ఎర్రబడి లేచిపోయాడు. పిచ్చుక సెల్‌ఫోన్ తీసి, కెమెరాలో పట్టిన ఆ దృశ్యం అత్తగారి మొహం ముందు పెట్టింది. చిల్లులూ, ఎరుపూ, ఉబ్బిన బుడగలూ, తెగిపడ్డ ముక్కలూ. గబగబా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. అత్తగారు ఒకసారి చూసింది. మళ్లీ పెట్టమంది. మూడోసారికి తల కాస్త పైకెత్తింది.

"చిరిగిన అంచు ముందు కత్తిరించేసింది, చూశావా? అలాగే చెయ్యాలి. చిరుగుల అంచుమీద మాసిక వేస్తే నిలవదు." గెడ్డంతో తెరవైపు చూపించింది. "నూలుపోగు లేదు, సూది లేదు. కుట్టు కనపడనే కనపడదు. ఎవరే నేర్పారు వీటికి?"

"ఎవరూ నేర్పలేదు అత్తయ్యా."

"నా చేతిలోనా ఇదంతా?"

"మీ చేతిలోనే."

"పొద్దస్తమానం నేను కుడుతున్నాననుకున్నాను," అంది ఆవిడ, కట్టువైపు చూసుకుంటూ, కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు. "లోపల వీళ్లింతమంది కుడుతుంటే!"

పిచ్చుక దారం సంగతి కూడా చెప్పేసింది. అత్తగారు నుదురు కొట్టుకోబోయి, చెయ్యి కట్టులో ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. "ఆ రేకు డబ్బాలోదా? అది కచ్చాకుట్లకి వాడే దారమే పిచ్చిమొహమా. కుట్టి విప్పి పారేసేది. రంగెందుకు నిలుస్తుంది? నన్నడిగితే మూలనున్న డబ్బాలోది ఇచ్చేదాన్ని కదా!"

"మీరు ఇచ్చుంటే మాకిది తెలిసేదే కాదు."

"ఆఁ, సమర్థించుకో." కానీ నవ్వింది. తర్వాత అటూ ఇటూ చూసి, దగ్గరికి రమ్మని కళ్లతో పిలిచింది. "నీకో రహస్యం చెబుతా. పొద్దుట్నించీ బొటనవేలు అసలు నొప్పే లేదు."

"నిజంగా?"

"నిజంగా. నిన్నటిదాకా ప్రాణం తోడేసింది. ఇవాళ దూదిలా ఉంది. నీ పురుగులేవో లోపల బాగానే కుట్టేశాయి."

"పురుగులు కాదు అత్తయ్యా, కణాలు."

"ఏవో ఒకటి. ఆ డాక్టరుకి మాత్రం చెప్పకు. నొప్పి లేదంటే సూదులతో పొడిచి పొడిచి చూస్తాడు, పక్కమంచం ఆవిడని నిన్న అలాగే పొడిచాడు. నేనైతే ఆయన కట్టుమీద చెయ్యి వెయ్యగానే 'అబ్బా' అంటున్నా. వెంటనే వదిలేస్తున్నాడు." ఆవిడ చిన్నపిల్లలా కన్ను గీటింది. "ఒట్టు వెయ్యి."

పిచ్చుక ఆనందంతో ఆలోచించనైనా లేదు. అత్తగారి ఎడమచేతిలో చెయ్యి వేసింది. నొప్పి తగ్గింది! ఇంతకన్నా మంచి కబురేం కావాలి?

నర్సు రెండు చిన్న సీసాలు తెచ్చిచ్చింది. పిచ్చుక వాటిని కోటు లోపలి జేబులో, అత్తగారు కుట్టిన ఆ రహస్యపు జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టింది.

లిఫ్టు దగ్గర మొగుడు నిలబడి, చెవి తలుపుకి ఆనించి వింటున్నాడు. "దీని బేరింగు మూలుగుతోంది. ఎవరూ పట్టించుకున్నట్టు లేదు."

"నువ్వు టీకి వెళ్లలేదా?"

"వెళ్లబుద్ధి కాలేదు." లోపలికి ఎక్కాక, తలుపు మూసుకున్నాక, అతను ముందుకే చూస్తూ అడిగాడు: "చెయ్యి తీసేస్తే అమ్మ ఏం చేస్తుంది? ఊరికే కూర్చోవడం ఆవిడకి రాదు. ఒక్కరోజు కూర్చోగా నేను చూడలేదు."

పిచ్చుక అతని వేళ్లు పట్టుకుంది. "తియ్యరు. చూస్తూ ఉండు. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

ఒట్టు గుర్తొచ్చింది. పెదాలు బిగించింది. "తెలుసంతే."

అతను ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో వెలుగు చూసి, అర్థం కాకపోయినా, అతనికీ కాస్త ఊపిరాడింది. లిఫ్టు ఆగేదాకా వేళ్లు వదల్లేదు.

మేడమ్ రెండు గుంటలు సిద్ధంగా ఉంచింది. దీపాలు మళ్లీ ఆరిపోయాయి. ముందు నిన్నటి నీరు వడగట్టి వేశారు. తెరమీద ఎరుపు ఎంతోసేపు పట్టలేదు. కణాలు భగ్గుమన్నట్టు వెలిగాయి. బుడగలు కత్తిరించి పారేస్తున్నాయి, అతుకులు వేసుకుంటున్నాయి, కానీ ఒకచోట అతికేలోపు ఇంకోచోట చిల్లు. చివరికి ఒక్కొక్కటీ ఉబ్బి చెదిరిపోయాయి. పిచ్చుక కళ్లు పక్కకి తిప్పుకోలేదు. అంత ఓడిపోతూ కూడా అవి పని మానలేదు. ఆఖరి కణం పగిలేముందు కూడా ఒక బుడగని తెంపి పారేసింది.

"ఇది నిన్న ఆవిడ చేతిలో జరిగింది," అంది మేడమ్.

"ఇవాళ్టిది వెయ్యనా?"

"వెయ్యి."

చుక్క దిగింది. బూడిదరంగు మైదానం కదల్లేదు. పిచ్చుక తనకి తెలియకుండానే మేడమ్ మోచెయ్యి పట్టేసుకుంది. మేడమ్ విడిపించుకోలేదు. చూస్తున్నారు. మైదానం ఒక అంచున ఎర్రటి చుక్క వెలిగింది. ఆ కణం కాస్త ఉబ్బింది, ఒక్క బుడగ తెంపి పారేసింది, సర్దుకుంది. మళ్లీ అంతా బూడిదరంగే. ఇంకో చుక్క వెలగలేదు. ఎంత చూసినా వెలగలేదు. చిన్న చిన్న కణాలు ఆ చీకట్లో పక్కపక్కనే ఆనుకుని, ఎవరి పనిలో వాళ్లు, హాయిగా ఉన్నాయి.

"విషం ఆగిపోయింది," అంది మేడమ్. "చెయ్యి ఫోను."

పిచ్చుక నంబరు నొక్కింది. అవతల గిన్నెల చప్పుడు, ఎవరో నీళ్లు వదులుతున్న చప్పుడు. తర్వాత సర్జన్ గారి నెమ్మది గొంతు.

"చెప్పమ్మా."

"ఆగిపోయింది సార్! నిన్నటి నీటికి అన్నీ పోయాయి. ఇవాళ్టి నీటికి అన్నీ నిలబడ్డాయి. ఒక్కదానికే చిల్లు పడింది, అది కూడా మాసిక వేసుకుంది సార్!"

అవతల ఆయన నవ్వినట్టుంది. "మంచిది. నా కళ్లకీ అలాగే కనిపిస్తోంది. వాపు అంచు నిన్న చర్మంమీద పెన్నుతో గీసిన గీత దాటలేదు. అయితే చెయ్యి ఉంచుతాను. పైన పాడైన చర్మం వరకే తీస్తాను."

పిచ్చుక గాల్లో తేలింది. మేడమ్ వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తింది. ఫోను జారబోతే పట్టుకుంది.

"ఇంకో మాటమ్మా," అన్నారు సర్జన్ గారు. "ఆ బొటనవేలు జోలికి నేను వెళ్లడం లేదు. సూది దిగింది అక్కడే కదా, నిజానికి దానిమీదే నాకు అనుమానం ఉండాలి. కానీ ముట్టుకుంటే చాలు, ఆవిడ అరుస్తోంది. నొప్పి ఉందంటే నరం బతికున్నట్టు. నొప్పి ఉన్నట్టుండి మాయమైతేనే భయం. చచ్చిపోయిన వేలిని అలాగే వదిలి కుట్టేశామా, విషం మళ్లీ అక్కడినుంచే మొదలవుతుంది. ఈసారి చేతితో ఆగదు. అందుకే అడుగుతున్నా. నువ్వు ఇందాక పక్కనే కూర్చున్నావుగా. బొటనవేలు నొప్పిగా ఉందనే అంటోందా?"

పిచ్చుక చెయ్యి దానంతటదే కోటు లోపలికి, ఖాళీ అయిన ఆ రహస్యపు జేబులోకి వెళ్లింది. వేళ్లకి కుట్టు తగిలింది. సన్నగా, దగ్గరదగ్గరగా, ఒక్క పోగు కూడా వంకరపోని కుట్టు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సూది పట్టుకుంటే తప్ప పడని కుట్టు.

అవతల ఎవరో థియేటర్ తలుపులు తెరుస్తున్నారు. చక్రాల మంచం కదిలిన చప్పుడు, దాని వెనకే అత్తగారి గొంతు, ఎవరినో ఆటపట్టిస్తూ: "నెమ్మది బాబూ, మా వాడి లిఫ్టు కాదిది, ఎగరేసుకుపోవడానికి..."

"అమ్మాయ్," అన్నారు సర్జన్ గారు. "లైన్లో ఉన్నావా?"

పుట్టాక మొదటిసారి పిచ్చుకకి మాట రాలేదు.